ఉన్నానంటుంది, ఇవ్వనంటుంది

“ఇంకా తెరుచుకోలేదా?”

ఫోన్లో భర్త గొంతు వింటూనే పెద్దకోడలు స్కాన్ సెంటర్ కంప్యూటరు వైపు చూసింది. తెర మీద గుండ్రటి గుర్తు తిరుగుతూనే ఉంది. ఆడపడుచు పాత స్కాన్ ఉన్న ఫోల్డరు మీద నొక్కి చాలాసేపయింది. అది లోపలికి రమ్మనడం లేదు, పొమ్మనీ అనడం లేదు.

“తిరుగుతోందండీ.”

“తిరిగితే ఏం లాభమే! ఇక్కడ చిట్టి కళ్ళు తెరవడం లేదు.”

“నేనేమన్నా ఇక్కడ ఆడుకుంటున్నానా?”

ఆసుపత్రి వరండాలో చక్రాల మంచం తోసుకుపోతున్న చప్పుడు వినిపించింది.

“సర్జన్ గారు మళ్ళీ అడిగారు,” అన్నాడు గొంతు తగ్గించి. “తలలో ఒకచోట నీరు కనిపిస్తోందట. అది పుట్టుకతో ఉన్న బుడగైతే ముట్టుకోనక్కర్లేదు, మందులతో చూద్దామంటున్నారు. నిన్న పడ్డ దెబ్బకి చేరిన నీరైతే మాత్రం తల తెరవాల్సిందే. ఆలస్యమైతే మనిషి దక్కదట. పాత బొమ్మ పక్కన పెట్టి చూస్తేగానీ ఏదీ తేల్చలేనంటున్నారు.”

“మామయ్యగారు చెప్పారుగా, పోయినేడాదే ఆ బుడగ చూశానని!”

“చెప్పారు. ‘మీరు అమ్మాయి తండ్రి, మీ మాట మీద నేను ఆగలేను’ అని సర్జన్ గారు ఫోన్లోనే మొహమాటం లేకుండా అనేశారు. బావేమో ఆపరేషనుకి సంతకం పెట్టేస్తానని పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. ‘స్కాన్ సెంటర్ మీది, పిల్ల మీది, మరి స్కానేదీ?’ అని అందరి ముందూ అడిగాడు. నేనేం చెప్పను?”



బయటివాళ్ళు ఈ సెంటర్‌కి వస్తే ఫిల్ము ఇస్తారు, రిపోర్టు ఇస్తారు, అడిగితే సీడీ కూడా ఇస్తారు. ఇంట్లోవాళ్ళకి అవేవీ ఉండవు. ‘మనవాళ్ళకి ఫిల్ము దండగ, తెర మీద చూసేస్తే చాలు’ అన్నది మామగారి పద్ధతి. పోయినేడాది చిట్టి తలనొప్పంటే, మిషను ఖాళీగా ఉన్నప్పుడు పడుకోబెట్టి తీశారు. ఆ రోజు భోజనాల దగ్గర “ఏం లేదమ్మా, చిన్న నీటి బుడగ. పుట్టినప్పట్నుంచీ ఉండుంటుంది. ఆ మంచినీళ్ళు ఇలా అందుకో” అన్నారు. అదే రిపోర్టు.

ఆ బొమ్మ లోకం మొత్తంలో ఒక్కచోటే ఉంది. ఈ సెంటర్లో మెట్ల కింద, స్కాన్లన్నీ దాచే సర్వర్లో.

“చూస్తున్నానండీ. మీ బావగారిని కాసేపు ఆపండి.”

“నేను ఆపితే ఆగే మనిషా ఆయన!”

ఫోను పెట్టేశాడు.

ఆమె రిసెప్షన్లోకి పరుగెత్తి అక్కడి కంప్యూటర్లో ప్రయత్నించింది. అక్కడా తిరుగుడే. ఎదురుగా బెంచీ మీద కర్ర పట్టుకుని కూర్చున్న ముసలాయన తల ఎత్తాడు.

“నా రిపోర్టేనా తల్లీ?”

“సర్వర్ పనిచెయ్యడం లేదండీ, కొంచెం ఆగాలి.”

“నా మోకాలూ అంతే. దాన్ని బాగుచేసేటప్పుడు దీన్ని కూడా ఓ చూపు చూడమ్మా.”

మామూలు రోజైతే నవ్వేది.

కీబోర్డు దగ్గరికి లాక్కుంది. సర్వర్ బతికి ఉందో లేదో ముందు తేల్చుకోవాలి. పింగ్ కొట్టింది. పింగ్ అంటే ఏమీ లేదు, ‘ఉన్నావా?’ అని కేకెయ్యడం. జవాబు ఠక్కున వచ్చింది. ఉన్నాను. మళ్ళీ వేసింది. ఉన్నాను. ఫోల్డరు తెరవమంది. ఉలుకూ పలుకూ లేదు.

చచ్చిపోయిందంటే ఒక దారి. బతికుందంటే ఒక దారి. ఇదేమిటి, ఇంట్లోనే ఉండి తలుపు తియ్యనట్టు?

“ఆపి మళ్ళీ వెయ్యమ్మా,” అంటూ వచ్చారు పెద్దాయన. ఆయన తెల్లకోటు గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకున్నారు. “నా స్కాన్ మిషను ఎన్నిసార్లు మొరాయించలేదు? ఆపి వేస్తే దారికొచ్చేది.”

“అది ఏదైనా పనిలో ఉండగా ఆపితే ఉన్నదీ పోతుంది మామయ్యగారూ. ఒక్కసారి చూడనివ్వండి.”

“దాచిపెట్టిన కాపీ ఉంటుందిగా? ఏదో డబ్బాలోకి ఎక్కిస్తుంటావుగా?”

“ఆ డబ్బా వానాకాలంలోనే పోయింది. కొత్తది నువ్వు కొనాలంటే నువ్వు కొనాలని అన్నదమ్ములిద్దరూ వాదించుకున్నారు. మీరూ విన్నారు.”

పెద్దాయన కోటు గుండీలు సరిచేసుకోసాగారు.

ఆమె ఒక తెరా, కీబోర్డూ చంకన పెట్టుకుని మెట్ల వైపు నడిచింది, వెనకాలే ఆయన. మెట్ల మీద ఇంకా రంపపు పొట్టు పడి ఉంది. ఇంటి పంపకంలో కింది అంతస్తూ సెంటరూ పెద్దోడికి, పై అంతస్తు చిన్నోడికి అని తేల్చాక, నిన్ననే పైన అడ్డంగా ప్లైవుడ్ గోడ కొట్టించారు. కొడుతుండగానే అన్నదమ్ములు ఒకరి మీదికొకరు వెళ్ళారు. మధ్యలోకి వచ్చిన చిట్టి కాలు జారి ఈ మెట్ల మీంచే దొర్లింది. లేచింది, దులుపుకుంది, నవ్వింది, అత్తారింటికి వెళ్ళిపోయింది. ఇవాళ పొద్దెక్కినా నిద్ర లేవలేదు.

అత్తగారు కింది మెట్టు మీద కూర్చుని కొంగు చివర మెలిపెడుతోంది. ఒక్క మాట లేదు. గ్లాసు కింద పడితే వీధి చివరిదాకా వినిపించేలా అరిచే మనిషి. పెద్దకోడలికి మొదటిసారి భయమేసింది.

మెట్ల కింద అర తలుపు తీసింది. సర్వర్ పెట్టె మీద పచ్చలైటు నిక్షేపంగా వెలుగుతోంది. తెర తగిలించింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు కింద నుంచి పైకి పాకుతున్నాయి. ఒకటే మాట, మళ్ళీ మళ్ళీ.

రెండో డిస్కు కనబడటం లేదు. ఎదురుచూస్తున్నాను.

రెండో డిస్కు కనబడటం లేదు. ఎదురుచూస్తున్నాను.

వైరు ఊడిందేమో అనుకుంది. ఊడితే ఎంత బాగుండు! పెట్టె పక్కరేకు లాగింది.

వైరు ఊడలేదు. డిస్కే లేదు. ఒక గూట్లో డిస్కు ఉంది. పక్క గూడు ఖాళీ. చుట్టూ దుమ్ము, మధ్యలో డిస్కు ఉన్నంత మేర శుభ్రంగా.

“ఇక్కడ డిస్కేదీ?”

ఖాళీ గూడు లోపలంతా వేళ్ళతో తడిమింది.

“మామయ్యగారూ, ఇందులో రెండుండాలి.”

“ఒకటి ఉందిగా,” అన్నారు పెద్దాయన.

ఆమె తల తిప్పి చూసింది. ఆయన గోడ వైపు చూస్తున్నారు.

“చూడకుండానే ఒకటి ఉందని మీకెలా తెలుసు?”

“తెలుసు.” గొంతు సవరించుకున్నారు. “పంపకం నేనేగా చేసింది! ప్రతిదీ సగం సగం అని ప్లీడరు గారి ముందు అనుకున్నాం. మిషన్లు రెండు, వాడికొకటి, వీడికొకటి. ఏసీలు రెండు, వాడికొకటి, వీడికొకటి. పాత పేషెంట్ల స్కాన్లు నాకూ కావాలన్నాడు చిన్నోడు. న్యాయమే కదమ్మా? పెట్టె విప్పి చూస్తే సరిగ్గా రెండు డిస్కులు. దేవుడే లెక్క కుదిర్చాడనుకున్నా. పొద్దున్నే, చిట్టి సంగతి తెలియకముందే, ఒకటి ఊడదీసి వాడి చేతిలో పెట్టా.”

“టార్చి నేనే పట్టుకున్నా,” అంది అత్తగారు మెట్టు మీంచి. గొంతు పీలగా ఉంది. “పచ్చలైటు ఆరలేదమ్మాయ్. నేను చూశా. ఆరితే తీయనిచ్చేదాన్నా?”

పెద్దకోడలు నేల మీద కూలబడింది.

“దాని బుర్ర వేరే చోట ఉంటుందత్తయ్యా. అందుకే లైటు వెలుగుతోంది, ఉన్నావా అంటే ఉన్నానంటోంది. ఇవ్వమంటే ఇవ్వడానికే చేతిలో ఏం లేదు.”

“సగం ఉందిగా,” అన్నారు పెద్దాయన. “చిట్టిది ఈ సగంలోనే ఉందేమో చూడు.”

“అవి రెండు బీరువాలు కాదు మామయ్యగారూ! ఒక్కో బొమ్మనీ సన్నగా తరిగి ఒక ముక్క ఇందులో, ఒక ముక్క అందులో పెడుతుంది. తొందరగా తెరుచుకోవాలని అలా పెట్టించింది మీ పెద్దబ్బాయే. రెండూ పక్కపక్కనుంటేనే బొమ్మ. మీరు చేసింది ఎలా ఉందంటే, ఒకే పుస్తకం తీసుకుని సరి పేజీలు ఒకడికీ బేసి పేజీలు ఒకడికీ ఇచ్చినట్టుంది.”

“పంచిపెట్టా అనుకున్నా,” అన్నారాయన. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకోవడం మర్చిపోయి చేతిలోనే పట్టుకున్నారు.

ఆమె అప్పటికే మెట్లెక్కుతోంది.

ప్లైవుడ్ గోడకి ఒక తలుపు పెట్టారు. రంగు కూడా వెయ్యని తలుపు. లోపల గడియ.

“చిన్నా! తలుపు తియ్యి.”

“ఎవరు పంపారు? అన్నయ్యా?”

“ఎవరూ పంపలేదు. తియ్యి ముందు.”

“రేపు రండి వదినా. గోడకి కొట్టిన మేకులు ఇంకా వేడిగానే ఉన్నాయి, అప్పుడే తలుపు తట్టేస్తే ఎలా?”

“పొద్దున నువ్వు తీసుకున్న డిస్కు కావాలి.”

లోపల నవ్వు. సంతోషం లేని నవ్వు.

“అనుకున్నా. నాన్న ఇచ్చినదాన్ని లాక్కోవడానికి మిమ్మల్ని పంపుతాడని అనుకున్నా. నిన్న ఏమన్నాడో మీరూ విన్నారు. ‘నీ వాటా తీసుకుని పైకి పోరా’ అన్నాడు. తీసుకున్నా. పోయా. ఇంకేం కావాలంట?”

“చిన్నా...”

“చెయ్యి కూడా ఎత్తాడు నా మీద. అది విన్నారో లేదో, చూశారుగా?”

“చిట్టి ఆసుపత్రిలో ఉందిరా!”

లోపల ఏదో కింద పడింది. గడియ తీసిన చప్పుడు. చిన్నోడి జుట్టు చెదిరి ఉంది, చొక్కా నిన్నటిదే.

“ఏ చిట్టి?”

“మనింట్లో ఎంతమంది చిట్టిలున్నారు?”

“నిన్న లేచి నడిచింది కదా వదినా! ‘ఇద్దరూ కలిసి నన్ను తోశారు, ఇద్దరూ చెరో ఐస్‌క్రీమ్ కొనాలి’ అని నవ్వింది కదా!”

“పొద్దున లేవలేదు. కదిపినా లేవలేదు.”

“నాకెవరూ చెప్పలేదే.”

ఆ మాటకి ఆమె తల వంచుకుంది. నిజమే. ఒకరు చెప్పుంటారని ఇంకొకరు అనుకున్నారు. చెప్పాల్సినవాళ్ళు మాటలు మానేసి ఉన్నారు. గోడ లేచింది మెట్ల పైన ఒక్కచోటే అనుకున్నారు అందరూ.

గబగబా విషయం చెప్పింది. బుడగ, నీరు, పాత బొమ్మ, సర్జన్. చిన్నోడు మధ్యలో ఒక్క ప్రశ్న వెయ్యలేదు. తిరిగి గదిలోకి పరుగెత్తాడు. అట్టపెట్టె మీద కొత్త కంప్యూటరు, దానికి వైరుతో వేలాడుతూ డిస్కు. దాని మీద చెయ్యి వేసి ఆగిపోయాడు.

“వదినా.”

“ఇటివ్వు.”

“ఒక మాట.”

“తర్వాత చెబుదువుగాని, ఇటివ్వు!”

“పొద్దున తగిలించగానే ఇది ఖాళీ డిస్కు అని చూపించింది. వాడుకోవడానికి సిద్ధం చెయ్యనా అని అడిగింది.”

పెద్దకోడలి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

“నువ్వేమన్నావ్?”

వాడు వైరు పీకి డిస్కు చేతిలోకి తీసుకున్నాడు.

“చిన్నా, ఏమన్నావ్?”

“చెయ్యమన్నా.” అన్నాడు చిన్నోడు. “అన్నయ్య ముందే అన్నీ తీసేసుకుని నాన్నతో నాకు ఉత్త డబ్బా ఇప్పించాడనుకున్నా. తిట్టుకుంటూ నొక్కేశా.”

“తర్వాత? అందులోకి ఏమన్నా ఎక్కించావా?”

“లేదు. కోపమొచ్చి ముసుగుతన్ని పడుకున్నా.”

“నీ కోపం చల్లగుండ!” డిస్కు లాక్కుంది. “ఏమీ ఎక్కించకపోతే లోపలివి అలాగే ఉండొచ్చు. పైన అట్ట ఒక్కటే మారుంటుంది. పద!”

ఇద్దరూ దూకుతున్నట్టే మెట్లు దిగారు. డిస్కుని గూట్లోకి తోసింది. సర్వర్ కాసేపు గురగురలాడింది. తర్వాత అక్షరాలు మారాయి.

కొత్త డిస్కు దొరికింది. ఇది నాది కాదు.

“నీదే, నీదే,” అంది ఆమె పళ్ళ బిగువున. గుర్తు చెరిగిపోయింది కాబట్టి అది తన జోడీని తాను గుర్తుపట్టడం లేదు. ఇదే నీ జోడీ అని బలవంతాన చెప్పే దారి ఒకటుంది. ఆ దారి చివర ఒక హెచ్చరిక కూడా ఉంది. తప్పయితే రెండు డిస్కుల్లో ఉన్నదంతా పోతుంది. అవునా, కాదా?

ఆమె వేలు ఆగింది.

“ఏమిటి ఆలోచిస్తున్నారు వదినా?” అన్నాడు చిన్నోడు.

“ఇది వికటిస్తే చిట్టిది ఒక్కటే పోదు. మీ నాన్నగారు ఇన్నాళ్ళూ తీసిన ప్రతి స్కానూ పోతుంది. మీ అన్నయ్య వాటా, నీ వాటా, అంతా.”

ఫోను మోగింది. స్పీకరు నొక్కింది.

“ఏమైందే? ఇంక ఆపరేషను గది సిద్ధం చేస్తున్నారు!”

“అన్నయ్యా,” అన్నాడు చిన్నోడు. “నేను.”

అన్నదమ్ముల మధ్య నెలల తరబడి అరుపులే తప్ప మాటలు లేవు.

“వాడు అక్కడున్నాడా?” అన్నాడు పెద్దోడు.

“ఉన్నా. డిస్కు నా దగ్గరే ఉంది. పాడుచేశానేమో అన్నయ్యా. బలవంతంగా కలిపితే మొత్తం పోవచ్చంటోంది వదిన.”

“పోతే పోనీ. మనం తర్వాత తన్నుకుందాం. ముందు బొమ్మ తియ్యండి.”

“నాకూ అదే. నా వాటా పోతే పోనీ.”

అందరూ పెద్దాయన వైపు చూశారు. ఆయన కళ్ళు ఆ ఇనప పెట్టె మీదే ఉన్నాయి.

“నా జన్మంతా అందులోనే ఉంది,” అన్నారు మెల్లగా.

“మీ జన్మ సంగతి సాయంత్రం మాట్లాడదాం,” అంది అత్తగారు లేచి. ఇప్పుడది పాత గొంతే, వీధి చివరిదాకా వినిపించే గొంతు. “నా కూతురు అక్కడుంది. నొక్కవే!”

నొక్కింది.

తెర నల్లగా అయిపోయింది. అక్షరం లేదు. లోపల డిస్కులు ఒకదాని తర్వాత ఒకటి గట్టిగా టక్కుమన్నాయి. చిన్నోడు కళ్ళు మూసుకున్నాడు. రిసెప్షన్లో ముసలాయన ఎవరితోనో మోకాలి గురించి చెప్పుకుంటున్నాడు, ఆ మాటలు ఇక్కడికి స్పష్టంగా వినిపిస్తున్నాయి.

ఒక వరస అక్షరాలు వచ్చాయి. ఇంకో వరస.

జత కలిసింది.

ఆమె రీడింగ్ గదిలోకి పరుగెత్తింది, వెనకాలే అందరూ. ఫోల్డరు మీద నొక్కింది. గుండ్రటి గుర్తు తిరిగింది, తిరిగింది. తెరుచుకుంది. ‘ఇంటివాళ్ళు’ అన్న అరలో చిట్టి ఫోల్డరు. మొదటి బొమ్మ నొక్కితే బూడిదరంగు చారలు. రెండోదీ అంతే. మూడోది సగం తల, సగం చీకటి.

“అయ్యో,” అంది అత్తగారు.

“మొదట్లోవే చెడ్డాయి. ఆగండి, ఇంకా ఉన్నాయి.” నొక్కుతూ పోయింది. చారలు. చారలు. తర్వాత నిలువెల్లా, శుభ్రంగా, ఒక తల అడ్డుకోత బొమ్మ.

పెద్దాయన ఆమెని పక్కకి జరిపి కళ్ళజోడు పెట్టుకున్నారు. వేలు తెర మీద ఆనించారు.

“ఇదిగో. ఎడమ చెవి పైన. ఇవాళ్టిది పక్కన పెట్టు.”

ఆసుపత్రి నుంచి పెద్దోడు పంపిన బొమ్మ పక్కన పెట్టింది. ఆయన ఇటు చూశారు, అటు చూశారు. స్కేలు తెచ్చి కొలిచారు, రెండోసారి కొలిచారు.

“అదే చోటు, అదే సైజు. గింజంత కూడా పెరగలేదు. ఇది పాత బుడగే. దెబ్బకి వచ్చింది కాదు.” ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. “నా తల్లి తల ముట్టుకోనక్కర్లేదు. చెప్పండి వాళ్ళకి. తెరవొద్దని చెప్పండి!”

అత్తగారు చిన్నోడి భుజం మీద పడి ఏడ్చేసింది. పెద్దకోడలు బొమ్మని సర్జన్ నంబరుకి పంపించి, భర్తకి ఫోను కలిపింది.

మోగింది. ఎత్తలేదు.

మళ్ళీ కలిపింది. ఎత్తాడు.

“దొరికిందండీ! పాతదే! మామయ్యగారు కొలిచారు, రవ్వంత కూడా మారలేదు. సర్జన్ గారికి పంపా, చూడమనండి!”

అవతల ఏదో తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది.

“ఏవండీ?”

“బావ సంతకం పెట్టేశాడు,” అన్నాడు పెద్దోడు. “నేను ఇటు తిరిగి మీతో మాట్లాడుతుంటే అటు పెట్టేశాడు. లోపలికి తీసుకెళ్ళిపోయారు. ఎర్రలైటు వేశారు.”

“సర్జన్ గారికి ఫోను చెయ్యండి!”

“ఆయన ఫోను లోపలికి తీసుకెళ్ళలేదు. నర్సు బల్ల మీదే ఉంది. నువ్వు పంపిన బొమ్మ ఇప్పుడే దాని మీద వెలిగింది. నా కళ్ళ ముందే ఉంది.”

చిన్నోడు ఫోను లాక్కున్నాడు.

“అన్నయ్యా, తలుపు కొట్టు.”

“రానివ్వరురా. లోపలికి ఎవర్నీ...”

“కొట్టు! నా మీదికి లేచిన చెయ్యేగా అది! కొట్టు!”

ఫోన్లోంచి చప్పుడొచ్చింది. దబ్. ఇంకోటి. దబ్. “బావా, ఏంటిది, ఆగు” అని చిట్టి మొగుడు అరిచాడు. చెప్పుల చప్పుడు, పరుగులు. అత్తగారు రెండు చేతులతో నోరు మూసుకుంది.

ఒక ఆడగొంతు, కోపంగా, దగ్గరగా వినిపించింది.

“ఎవరండీ ఆ కొట్టేది? మతి ఉందా మీకు? లోపల మొదలుపెట్టేశారు!”

దబ్.

చెయ్యి ఆగలేదు.